మడి కట్టుకున్న వెండి

వెండి గురించి మన ఆడవాళ్ళకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పుట్టిన పిల్లకు ఉగ్గుగిన్నె వెండిది. నడక వస్తే కాళ్ళకు గజ్జెలు వెండివి. పెళ్ళయితే కాలివేళ్ళకు మెట్టెలు వెండివి. పేరంటానికి వెళితే కుంకుమ భరిణె, పన్నీరు బుడ్డి, తాంబూలం పళ్ళెం అన్నీ వెండివే. బంగారం బీరువాలో పడుకుంటుంది గాని, వెండి మాత్రం మనతోపాటే లేచి మనతోపాటే పనిచేస్తుంది. నల్లబడుతుంది. చింతపండు పెట్టి తోమితే మళ్ళీ తెల్లగా నవ్వుతుంది. సొట్ట పడితే కంసాలి దగ్గరికి వెళ్ళొస్తుంది. మరీ పాతబడితే తూకానికి వేసి కొత్తది చేయించుకుంటాం. వెండి విషయంలో మనకున్న వేదాంతం ఇంతకన్నా పెద్దది కాదు.

అటువంటి దాన్ని నేను, అసలు ముట్టుకోనేకూడని వెండితో ఇన్నేళ్ళు కాపురం చేశానంటే మీరు నమ్మాలి.

మేము అమెరికాలో, న్యూజెర్సీలో ఉంటున్నాం. వచ్చి నలభై ఏళ్ళు దాటింది. మా వారు వంతెనల లెక్కలు చూసే ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు పేకాట లేదు, సిగరెట్టు లేదు, కనీసం కాఫీలో పంచదార ఎక్కువైందన్న పేచీ కూడా లేదు. ఉన్న వ్యసనమల్లా ఒక్కటే, వెండి నాణేలు. అవి సంతల్లో తిరిగి అరిగిపోయిన పాత నాణేలనుకునేరు. కాదు. టంకశాలలో ప్రత్యేకంగా మెరుగు పెట్టి, మనిషి చెయ్యి తగలకుండా డబ్బీలో పెట్టి పంపించేవి.

వీటికి మూలం బులియన్ నాణెం. అంటే వెండిని కడ్డీగా కాకుండా నాణెంగా కొనుక్కుని దాచుకోవడమన్నమాట. ఇంత బరువు, ఇంత స్వచ్ఛత అని ప్రభుత్వమే పూచీ పడుతుంది. అమెరికా ప్రభుత్వం 1985లో చట్టం చేసి, 1986లో ఇటువంటి నాణెం మొదలుపెట్టింది. పేరు సిల్వర్ ఈగిల్. దేశ రక్షణ అవసరాల కోసమని దాచిపెట్టి, ఇంత అక్కర్లేదనుకున్న వెండి నిలవల్లోంచి దీన్ని అచ్చు వేశారు. బరువు ఒక ట్రాయ్ ఔన్సు, అంటే 31.1 గ్రాములు. మన పాత లెక్కన రెండున్నర తులాలు దాటుతుంది. వెయ్యి పాళ్ళలో 999 పాళ్ళు వెండే. అడ్డకొలత 40.6 మిల్లీమీటర్లు, సుమారుగా మనం చేసుకునే చేగోడీ అంత. దాని మీద మాత్రం 'ఒక డాలరు' అని రాసి ఉంటుంది. అంత వెండి ఒంటి మీద పెట్టుకుని ఒక్క డాలరునని చెప్పుకునే వినయం నేను మనుషుల్లో ఎక్కడా చూడలేదు.

నాణెం మీద ఒక అమ్మాయి ఉంటుంది. ఆవిడ స్వేచ్ఛాదేవి. జెండాను పైటలా కప్పుకుని, చేత్తో కొమ్మలు పట్టుకుని, ఉదయిస్తున్న సూర్యుడి వైపు నడిచి వెళుతూంటుంది. అడాల్ఫ్ వైన్మన్ అనే శిల్పి 1916లో వచ్చిన అరడాలరు నాణెం కోసం మలిచిన బొమ్మ అది. డెబ్భై ఏళ్ళ తర్వాత దాన్నే తెచ్చి ఇక్కడ పెట్టారు. పేరు, ఊరు, చరిత్ర తరవాత తెలుసుకున్నాను గాని, మొదటిసారి చూసినప్పుడు నా కళ్ళు పోయింది ఆ కుచ్చిళ్ళ మీదికే. గాలికి ఎగిరే చెంగును లోహంలో అంత సొగసుగా మలిచినవాడు చీర కట్టిన మనిషిని ఎప్పుడో చూసే ఉంటాడనిపించింది!

1986 డిసెంబరులో మా అమ్మాయి పుట్టింది. గుంటూరు నుంచి మా అమ్మ ఉగ్గుగిన్నె పంపించింది. ఈయన టంకశాలకు 21 డాలర్లు కట్టి ఒక మఖమల్ పెట్టె తెప్పించారు. "పిల్ల పుట్టిన ఏడూ, నాణెం పుట్టిన ఏడూ ఒకటేనోయ్" అన్నారు మురిసిపోతూ. శుభమా అని వెండి వచ్చింది కదా, పిల్ల గుప్పిట్లో ఒక్కసారి పెడదామని నేను పెట్టె తెరిచాను.

"ఆగాగు! వేలు తగలకూడదు!"

అంతే. ఆ రోజునుంచి మా ఇంట్లో రెండు రకాల వెండి ఏర్పడింది. పనిచేసే వెండి, పనిచెయ్యని వెండి.

ఆ పనిచెయ్యని వెండిలో మళ్ళీ ఎన్ని కులాలూ గోత్రాలూ అనుకున్నారు! నాకు ఆయన చెప్పగా తెలిసినది, మీకు వంటింటి భాషలో చెబుతాను.

మొదటిది ప్రూఫ్. అచ్చు వేసే ఉక్కు ముద్రను అద్దంలా నునుపు చేస్తారు. అందులో బొమ్మ ఉన్న భాగం మాత్రం సన్నగా గరుకు చేస్తారు. ఇప్పుడు ఆ గరుకు పని లేజరు కిరణాలతో కానిస్తున్నారు. వెండి బిళ్ళకు కూడా ముందే మెరుగు పెట్టి, ఒక్క దెబ్బతో సరిపెట్టకుండా ఒకటికి రెండుసార్లు ముద్ర కొడతారు. అప్పుడు ఖాళీ జాగా అంతా అద్దమై, బొమ్మ మంచు పట్టినట్టు తెల్లగా కనిపిస్తుంది. కొత్త స్టీలు పళ్ళెంలో బియ్యప్పిండితో ముగ్గు వేశారనుకోండి, అలా ఉంటుంది.

రెండోది రివర్స్ ప్రూఫ్. ఇందులో అంతా తారుమారు. ఖాళీ జాగా మంచు, బొమ్మ అద్దం. పట్టుచీరలో అంచు రంగు ఒంటికీ, ఒంటి రంగు అంచుకీ మార్చి నేయించుకున్నట్టు. అదే నూలు, అదే జరీ, అదే బరువు, ధర మాత్రం వేరు! సిల్వర్ ఈగిల్‌లో ఈ రకం మొదట వచ్చింది 2006లో, ఇరవయ్యో ఏడు పండగకి. ఫిలడెల్ఫియా టంకశాల 'పీ' గుర్తుతో, మూడు నాణేల పెట్టెలో పెట్టి 100 డాలర్లకు అమ్మారు.

ఆ పెట్టెలోనే మూడో రకమూ ఉంది, బర్నిష్‌డ్. మెరుగు పెట్టిన బిళ్ళ మీద ముద్ర వేస్తారు. అద్దమూ కాదు, మంచూ కాదు, కాచి చల్లార్చిన పాల మీద మీగడలా నెమ్మదిగా ఉంటుంది. నన్నడిగితే అన్నిట్లోకీ సంసారపక్షంగా ఉండేది అదే. ఇవిగాక ఒకే నాణెం మీద కొంత అద్దం, కొంత మంచు, కొంత మధ్యరకం పెట్టే ఎన్‌హాన్స్‌డ్ అనేదొకటి. మెక్సికో వాళ్ళ లిబర్టాడ్ నాణెంలో అయితే కావాలని నల్లబరిచి, గుళ్ళో పాత విగ్రహంలా కనిపించేట్టు చేసే యాంటిక్ ఫినిష్ కూడా ఉంది. మనం నల్లబడిందని తోముకుంటాం, వాళ్ళు నల్లబరిచి ఎక్కువకు అమ్ముతారు. ఏం చెప్పను!

ఇవి కొనడం కూడా తిరుపతిలో దర్శనం టిక్కెట్టు సంపాదించడంలాంటిదే. 2011లో దీపావళి మర్నాడు, అక్టోబరు 27న, సిల్వర్ ఈగిల్‌కు పాతికేళ్ళు నిండాయని అయిదు నాణేల పెట్టె పెట్టారు. ధర 299 డాలర్ల 95 సెంట్లు. దేశం మొత్తానికి లక్ష పెట్టెలే. మధ్యాహ్నం పన్నెండింటికి అమ్మకం మొదలు. ఆయన ఆఫీసుకు సెలవు పెట్టి కంప్యూటరు ముందు కూచున్నారు. నా చేతికి ఫోను ఇచ్చి, లైను దొరికేదాకా నొక్కుతూనే ఉండమన్నారు. అక్కడ పొయ్యి మీద పండగనాటి బూరెల పిండి మిగిలితే వేస్తున్నాను. ఒక చేత్తో బూరె, ఒక చేత్తో ఫోను. చివరికి మూడు గంటలకు ఆయన కంప్యూటరే కరుణించింది. సాయంత్రం అయిదు కాకుండానే లక్ష పెట్టెలూ అయిపోయాయి. ఆ పూట ఆయన తిన్నన్ని బూరెలు పెళ్ళిలో కూడా తినలేదు.

2019లో మాత్రం కరుణ లేకపోయింది. ఆ నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో 'ఎస్' గుర్తుతో 30,000 ఎన్‌హాన్స్‌డ్ రివర్స్ ప్రూఫ్ నాణేలే చేశారు. ధర 65 డాలర్ల 95 సెంట్లు. నిమిషాల మీద చెల్లిపోయాయి. ఆ రాత్రి ఆయన మజ్జిగన్నంతో సరిపెట్టుకుని పడుకున్నారు. ఇంకో నాణెం ఉంది, 1995 నాటిది, వెస్ట్ పాయింట్ 'డబ్ల్యూ' గుర్తుది. ఉన్నవి 30,125. అది విడిగా అమ్మలేదు. 999 డాలర్లు పెట్టి బంగారు నాణేల పెట్టె కొన్నవాళ్ళకు కొసరుగా ఇచ్చారు. మనం కూరగాయల బండి దగ్గర కరివేపాకు కొసరు అడుగుతామే, అలాగ. ఇప్పుడు జనం వెతుక్కునేది ఆ కొసరునే!

మా పిన్ని 2014లో వచ్చి మా దగ్గర ఆర్నెల్లుంది. ఒక రోజు ఆయన మేజా మీద డబ్బీలు పరుచుకుని చూసుకుంటూంటే, ఒకదాని మీద తెల్లటి మచ్చ ఆవిడ కంటబడింది. పాలమచ్చలంటారు వాటిని, ఈ నాణేలకు అప్పుడప్పుడూ వస్తూంటాయి. పిన్ని ఏమీ మాట్లాడకుండా దేవుడి గదిలోకి వెళ్ళి ఇంత విభూది, మెత్తటి గుడ్డ పట్టుకొచ్చింది. "ఇటివ్వు నాయనా, క్షణంలో మల్లెపువ్వు చేస్తాను." ఆయన నాణేలమీదికి వంగి, కోడి రెక్కలు చాపినట్టు రెండు చేతులూ చాపేశారు!

విభూది కాదు, ఉత్తి గుడ్డతో తుడిచినా ఆ అద్దం మీద వెంట్రుకల్లాంటి గీతలు పడతాయని, తుడిచిన నాణేన్ని తుడవనిదానితో సమానంగా ఎవరూ కొనరని, వేలిముద్ర పడితే కొన్నాళ్ళకు అక్కడే మరక తేలుతుందని ఆయన ఆవిడకు అరగంట బోధించారు. పిన్ని అంతా విని, విభూది తన నుదుటనే పెట్టుకుని, "ఏమిటోనే అమ్మాయ్, మీ ఆయన వెండి మడి కట్టుకుంది. మా అత్తగారిది కూడా ఇంత గట్టి మడి కాదు" అంది.

ఇదంతా నవ్వుకుంటూ చెప్పుకునే సంగతి. ఇక చెప్పబోయేది వేరు.

2023 వేసవిలో ఒక సాయంత్రం ఆయన, "ఏమోయ్, ఇలా రా. ఈ నాణెం మీద అమ్మాయి ముఖం చెరిగిపోయిందేమిటి?" అన్నారు. వెళ్ళి చూశాను. ముఖం ఎక్కడికీ పోలేదు. ముక్కూ నోరూ ఉన్నచోటే ఉన్నాయి. ఇంకోటి తీశారు. "దీనిదీ పోయింది." నాలుగు డబ్బీలు మార్చాక ఆయనే చేతిలోది నెమ్మదిగా కింద పెట్టేశారు.

డాక్టరు దాని పేరు మాక్యులర్ డీజెనరేషన్ అన్నాడు. కంటి వెనక ఉండే పొరలో సరిగ్గా నడిమి భాగం చెడిపోతుంది. చుట్టుపక్కల అంతా కనిపిస్తూనే ఉంటుంది. గుమ్మం కనిపిస్తుంది, నడిచివెళ్ళే మనిషి కనిపిస్తాడు, తోటలో చెట్టు కనిపిస్తుంది. ఏది చూడాలని తిన్నగా చూస్తామో, అదొక్కటే కనిపించదు. గళ్ళు గీసి నడుమ చుక్క పెట్టిన కాగితం ఒకటిచ్చి, రోజూ చూడమన్నాడు. గీతలు వంకర తిరిగితే చెప్పమన్నాడు. వంతెనల గీతలు జన్మంతా తిన్నగా గీసిన మనిషికి, ఫ్రిజ్ తలుపు మీద ఆ కాగితం ముందు నిలబడి, "ఇవాళ ఈ మూల వంగింది" అని చెప్పవలసి వచ్చింది.

మా వారు దేనికీ గట్టిగా మాట్లాడే మనిషి కాదు. కాని ఆ తర్వాత పెట్టెలు తియ్యడం మానేశారు. ఆలోచించండి. ఆ నాణేలు ముట్టుకునేవి కావు. వినేవీ కావు. వాటికున్నదంతా చూపే. ఔన్సు వెండికి ఔన్సు వెండే సమానం అయినప్పుడు, అద్దానికీ మంచుకీ ఉన్న తేడా కోసమే కదా ఇన్నేళ్ళూ ఆయన కొన్నది! ఆ తేడా కనపడకపోతే ఇక ఆ పెట్టెల్లో ఏముంది?

ఒక ఆదివారం భోజనాలయ్యాక నేనే పెట్టె తీసి, దీపం కింద కూచున్నాను. "ఏమండీ, నేను చూసి చెబుతాను. ఎలా చూడాలో మీరు చెప్పండి" అన్నాను.

కాసేపు పలకలేదు. తర్వాత, "పెద్ద లైటు ఆర్పెయ్. ఒక్క దీపమే ఉండాలి. డబ్బీ అంచు పట్టుకుని నెమ్మదిగా వంచు" అన్నారు.

అలా మొదలైంది. వారం వారం ఒక పెట్టె. "మంచు ఎక్కడైనా పలచబడిందా? అద్దంలో నీ ముఖం కనిపిస్తోందా? అంచు దగ్గర పసుపు తేలిందా?" అని ఆయన అడగడం, నేను చూసి చెప్పడం. గాలిలో ఉండే గంధకం తగిలి వెండి మొదట లేత పసుపు, తర్వాత గోధుమరంగు, ఆపైన నీలం, చివరికి నలుపు అవుతుందట. కోడిగుడ్డు తిన్న వెండి చెంచా నల్లబడేదీ ఇందుకే. మెత్తటి ప్లాస్టిక్ సంచుల్లో కొన్ని రకాల వాటిలో పెడితే ఆకుపచ్చ జిగురు పడుతుందట. ఏటేటి నాణేలూ వరసగా పేర్చిన పుస్తకంలో 2009 గూడు ఖాళీగా ఉంటే, ఇది ఎక్కడో పడిపోయిందని కంగారుపడ్డాను. ఆయన నవ్వారు. ఆ ఏడు జనం మామూలు నాణేల కోసమే ఎగబడితే, బిళ్ళలన్నీ వాటికే చాలక టంకశాల ప్రూఫ్ చెయ్యనే లేదట. "అది ఖాళీగా ఉంటేనే సరిగ్గా ఉన్నట్టు" అన్నారు. కళ్ళు కనపడకపోయాక ఆయన నవ్వగా నేను చూసింది అదే మొదలు.

అంతకు ముందు ఆ పెట్టెలు ఆయనవి. ఆ ఆదివారాల తర్వాత మా ఇద్దరివీ అయ్యాయి.

ఇంతలో వెండి ధరకు రెక్కలొచ్చాయి. 1980 జనవరిలో ఒకసారి ఔన్సు వెండి 50 డాలర్ల దాకా ఎగబాకి, రెండు నెలలు తిరక్కుండానే దబ్బున పడింది. 2011 ఏప్రిల్‌లో మళ్ళీ ఆ దరిదాపులకు వెళ్ళి వెనక్కి తిరిగింది. 2025 అక్టోబరులో ఆ గీత దాటేసింది. మా అబ్బాయి టెక్సాస్ నుంచి ఫోన్ చేశాడు. "అమ్మా, అమ్మడానికి ఇదే మంచి సమయమేమో. నాన్నకు ఎలాగూ కనిపించడం లేదు కదా" అన్నాడు. వాడు చెడ్డగా అనలేదు, లెక్కగా అన్నాడు. ఈయన పక్కనే కూచుని విన్నారు. "అమ్మెయ్యవోయ్. కనపడనిదానికి కాపలా ఎందుకు?" అన్నారు.

ఆ మాట ఆయన ఫోనుకేసి తిరిగి అన్నారు, నాకేసి తిరగలేదు. నలభై ఏళ్ళు కాపురం చేసిన దాన్ని, ఆపాటి తెలియదా?

సరే, అసలు ధర ఏమిటో తెలుసుకుందామని కొన్ని పెట్టెలు సర్దుకుని ఊళ్ళో నాణేల దుకాణానికి వెళ్ళాను. అతను మూతలు తీసి, లెక్కపెట్టి, అన్నీ కలిపి తూకానికి తీసుకుంటానన్నాడు. అదీ వెండి ధరకు కాస్త తక్కువగా.

"ఇవి ప్రూఫ్ నాణేలు" అన్నాను.

"వెండి ఇంత ప్రియమయ్యాక మామూలు సంవత్సరాల ప్రూఫ్‌కు విడిగా ధర లేదమ్మా. ఎక్కువ భాగం కరిగించడానికే పంపుతున్నాం" అన్నాడు.

అతని మాటలో అబద్ధం లేదు. వెండి చవకగా ఉన్న రోజుల్లో మెరుగుకు విలువ. వెండి ప్రియమైతే మెరుగూ వెండిలోనే కలిసిపోతుంది. కాని దుకాణం బల్ల మీద వాటిని చూస్తూ నిలబడితే, ఆ అద్దాలూ మంచూ కుచ్చిళ్ళూ అన్నీ మూసలో పడి ఒకే ముద్ద కావడం కళ్ళముందు మెదిలింది. అప్పుడు నేను అతను పోగుపెట్టిన కుప్పలోంచి ఒక పెట్టె వెనక్కి లాగాను.

"ఇది 2006 నాటి మూడు నాణేల పెట్టె. ఇందులో నడిమిది రివర్స్ ప్రూఫ్. ఇదిగో, 2011 నాటి అయిదు నాణేల పెట్టె, లక్షే చేశారు. ఇవి తూకానివి కావు."

అతను కళ్ళజోడు కిందికి దించి నాకేసి చూశాడు. "కాగితాలున్నాయా?" అన్నాడు. "ఉన్నాయి" అన్నాను. ఆ రెండింటికీ వేరే ధర చెప్పాడు. ఆ ధర విని సంతోషించి, రెండూ సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను.

మొత్తానికి ఏం చేశామంటే, ఈయన ప్రతి ఏడూ మూడేసి ప్రూఫ్ నాణేలు కొనేవారు. అమ్మాయికొకటి, అబ్బాయికొకటి, ఎవరితోనైనా మార్పిడి చేసుకోవడానికి ఒకటి. ఆ మార్పిడివి ముప్పై ఆరు మిగిలాయి. అవి మాత్రం తూకానికి ఇచ్చాం. వాటిని కరిగిస్తావా, ఎవరికైనా అమ్ముతావా అని అతన్ని నేను అడగలేదు. వచ్చిన డబ్బుకు మరికొంత కలిపి, చూపు తక్కువవాళ్ళు చదువుకునే యంత్రం కొన్నాం. కింద కాగితం పెడితే పైన తెరమీద అక్షరాలు గుమ్మడికాయలంత కనిపిస్తాయి. చూపు అంచుతోనైనా ఆయన నాలుగు ముక్కలు చదువుకోగలుగుతున్నారు. దానికొక మీట ఉంది. నొక్కితే తెల్ల కాగితం నల్లగానూ, నల్ల అక్షరాలు తెల్లగానూ మారిపోతాయి. అలాగైతే ఈ కళ్ళకు సులువట. మొదటిసారి ఆ మీట నొక్కి ఆయన, "ఏమోయ్, రివర్స్ ప్రూఫ్!" అని కేక పెట్టారు.

నాణేలు కూడా అందులో చూడొచ్చని ఆశపడ్డాం. కుదరలేదు. యంత్రం దీపం ఆ అద్దం మీద పడి తెరంతా తెల్లగా మండిపోయింది. రివర్స్ ప్రూఫ్ నయం, మంచు జాగా దీపాన్ని కాస్త మింగింది. గద్ద రెక్క అంచు ఒకటి లీలగా చూశానన్నారు. కాసేపటికి యంత్రం కట్టేశారు.

మర్నాడు నేను మళ్ళీ ఆ దుకాణానికే వెళ్ళాను. అమ్మినావిడ కొనడానికి వచ్చిందేమిటా అని అతను వింతగా చూశాడు. "మామూలుది ఒకటివ్వండి. ప్రూఫ్ వద్దు, పెట్టె వద్దు, కాగితం వద్దు. ఈ ఏటి మామూలు బులియన్ నాణెం" అన్నాను. చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి ఇచ్చాడు. దారిలో ఆ సంచి కూడా చెత్తబుట్టలో పారేశాను.

ఇంటికొచ్చి, "చెయ్యి చాపండి" అన్నాను. నాణెం చల్లగా తగలగానే ఆయన వేళ్ళు వాటంతట అవే అంచుకు జరిగిపోయాయి. ముప్పై తొమ్మిదేళ్ళ అలవాటు!

"అంచు పట్టుకోనక్కర్లేదు. ఇది మడి కట్టుకోలేదు. కావలసినంత సేపు ముట్టుకోండి."

చాలాసేపు ఊరికే గుప్పిట్లో పట్టుకుని కూచున్నారు. తర్వాత బొటనవేలు కదిలింది. "ఇది సూర్యుడు. కిరణాలు తెలుస్తున్నాయి. ఇదిగో చెయ్యి... కొమ్మలు... ఇవి కుచ్చిళ్ళు కదూ?" అన్నారు. "కుచ్చిళ్ళే" అన్నాను. ముఖం దగ్గర వేలు ఆగింది. అది మరీ చిన్నది, వేలికి అంత తెలియదు. ఆయన ఏమీ అనలేదు గాని వేలు అక్కడినుంచి తియ్యలేదు.

అటు తిప్పి గద్దను చూశారు. 2021లో వెనకవైపు బొమ్మ మార్చారు. పాత రాజముద్ర గద్దకు బదులు, ఓక్ కొమ్మ పట్టుకుని గూటికి దిగుతున్న గద్ద వచ్చింది. ఆ తర్వాత గోటితో అంచు గీట్లు లెక్కపెడుతున్నట్టు చుట్టూ తిప్పుతూ వచ్చి, ఒకచోట ఆగిపోయారు.

"ఇక్కడొక గీటు లేదు."

నేను కళ్ళజోడు పెట్టుకుని దీపం కింద చూశాను. నిజమే! అన్ని గీట్ల మధ్య ఒక్కచోట సన్నటి ఖాళీ. కొత్త బొమ్మతోపాటు దొంగ నాణేలను పట్టుకోవడానికి టంకశాల పెట్టిన గుర్తు అది. ఆయన దాని గురించి ఎప్పుడో చదివారట. కాని ఇంట్లో నాణేలన్నీ డబ్బీల్లో బిగించి ఉండడం వల్ల ఆ అంచు ఆయన చేతికి ఏనాడూ తగల్లేదు. నా రెండు కళ్ళకూ కనపడనిది ఆయన గోటికి దొరికింది. ఆ సంతోషం చూడాలి! అబ్బాయికి ఫోన్ చేసి మరీ చెప్పారు. అమ్మాయికీ చెప్పారు.

పెట్టెలు ఇప్పుడూ ఉన్నాయి. ఆదివారాలు ఇప్పుడూ నేను దీపం కింద పెట్టి చూసి చెబుతూనే ఉన్నాను. ఎవరి వాటా ఎవరిదో కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి, దేన్ని తూకానికి ఇవ్వకూడదో కూడా రాసి, రెండు పెట్టెల్లోనూ పెట్టాను. ఇంట్లో ఏ పెట్టెలో ఏముందో, దాని విలువ ఎందువల్లనో, ఇల్లాలికి తెలిసి ఉండడం మంచిది. మీ ఇళ్ళలో ఇటువంటి పెట్టెలుంటే, ఒక ఆదివారం మీరూ దీపం కింద కూచుని చూడండి.

ఆ మామూలు నాణెం మాత్రం ఆయన చొక్కా జేబులో ఉంటుంది. తాళంచెవులతో రాసుకుని గీతలు పడింది. ఒకసారి మెట్ల మీద పడి అంచు నొక్కుకుపోయింది. చేతి చెమటకు నల్లబడుతూంటుంది. శుక్రవారం పొద్దున్న దీపపు కుందులు తోముకునేటప్పుడు దాన్నీ అడిగి తీసుకుని, ఇంత విభూది పెట్టి రుద్దుతాను. ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమోయ్, కుచ్చిళ్ళలో నలుపు ఉండిపోతోంది, గట్టిగా తోము" అంటూంటారు.